ఆదివారం క్లాసులు, గునుగు కూర, కొన్ని విన్నపాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి వార్తాలేఖ పరీక్షల తేదీలతో మొదలవ్వాల్సింది. కానీ సోమవారం సాయంత్రం నుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో సాగుతున్న చర్చ చూశాక, ముందు ఆ సంగతి తేల్చకపోతే మిగతాదేదీ ఎవరూ చదవరని అర్థమైంది. "బడిలో పిల్లలతో గడ్డి పీకించి అదే కూర వండి పెట్టారట, ముగ్గురికి వాంతులట" అని ఎవరో పెట్టారు. రాత్రి పదయ్యేసరికి ఆ ముగ్గురు పన్నెండు మంది అయ్యారు. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఒకాయన నన్ను ఆపి, పిల్లల్ని ఏ వార్డులో పెట్టారని అడిగారు, పాపం చేతిలో పండ్ల సంచి కూడా ఉంది. ఆస్పత్రిలో మన పిల్లలెవరూ లేరు, ఒక్కరూ చేరలేదు.

జరిగింది చెప్తాను. బడి వెనక నాలుగు గుంటల చెలకలో ప్రతి ఆదివారం పొద్దున ఉచిత క్లాసులు నడుస్తున్నాయని మీకు తెలుసు. తోటపని, సాగు, వంట, ఎవరైనా రావచ్చు, మన బడి పిల్లలే కానక్కర్లేదు, ఫీజు లేదు. ఆ ఆదివారం పాఠం కలుపులో దొరికే కూరల మీద. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఇద్దరు మహిళా రైతులు జొన్న సాళ్ళ మధ్య తిప్పుతూ ఇది గునుగు, ఇది తుమ్మి, ఇది చెంచలి అని ఒక్కోదాన్నీ చేతికిచ్చి, ఆకు నలిపి వాసన చూపించి, లేత కొసలు మాత్రమే తుంచమని చెప్పి, మూడు నీళ్ళలో కడిగించి, అందరి ముందే పెసరపప్పులో వేసి వండారు. జొన్నరొట్టెలతో అందరం తిన్నాం. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

సోమవారం కడుపునొప్పి అన్న ముగ్గురిలో ఇద్దరు అసలు ఆదివారం బడి ఛాయలకే రాలేదు, హైదరాబాద్‌లో ఫంక్షన్‌కి వెళ్ళారు. మూడో బాబు వచ్చాడు, బాగా తిన్నాడు, సాయంత్రం బజార్లో పానీపూరి కూడా బాగా తిన్నాడు. ఈ మాట వాళ్ళమ్మగారే నవ్వుతూ చెప్పారు. పానీపూరి వల్లే అని నేనూ అనను, వానాకాలం, ఏ నీళ్ళలో ఏముందో ఎవరికెరుక. ముగ్గురూ బుధవారానికల్లా బడికొచ్చారు. గ్రూపులో ఈ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అయితే మీ భయంలో సబబైన ముక్క ఒకటి ఉంది. పిల్లలు హుషారులో కనిపించిన ఆకల్లా తుంచి నోట్లో వేసుకుంటే ఎలా అని ఒక అమ్మ అడిగారు. న్యాయమైన ప్రశ్న. మన చెలక గట్టు మీదే ఉమ్మెత్త ఉంది, అది విషం. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. అందుకే క్లాసులో మొదటి పాఠమే తినకూడని వాటిది. తెలిసిన పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఏ ఆకూ కోయకూడదు, మోరీ పక్కన, రోడ్డు పక్కన మొలిచింది ముట్టుకోకూడదు, గడ్డి మందు కొట్టిన పత్తి చేలోకి అసలే వెళ్ళకూడదు. ఈ మూడూ పిల్లలకు నోటికొచ్చు, ఇంట్లో అడిగి చూడండి. ఇకమీద వంట ఉన్న ఆదివారం ఏం వండుతున్నామో ముందే గ్రూపులో పెడతాం, ఏదైనా పడని పిల్లలుంటే రాసి పంపండి.

ఇంతకీ అది గడ్డేనా? బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పక్కన తెల్లగా, గులాబీ కొసలతో నిలబడే పువ్వు మీ అందరికీ తెలుసు కదా, అదే గునుగు. పువ్వు పట్టకముందు లేత ఆకు కూరకు పనికొస్తుంది. జొన్న చేలో అది కలుపు, రైతు పీకి పారేయాల్సిందే, పారేసే బదులు వండుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్య. ఇక వినాయక చవితి వస్తోంది, ఆ రోజు తుమ్మికూర తినే ఆచారం మనలో ఎన్ని ఇళ్ళలో లేదు? అదే తుమ్మి బడిలో వండితే గడ్డి ఎలా అయిందో నాకు అర్థం కాలేదు.

నన్ను నిజంగా బాధపెట్టింది వాంతుల పుకారు కాదండీ. మొన్న గేటు దగ్గర ఒక తండ్రి కొడుకును కోప్పడుతున్నారు, "చదవకపోతే బర్రెలు కాసుకుంటావ్, పొలంలో చస్తావ్" అని. సరిగ్గా అప్పుడే ఆదివారం పాఠం చెప్పే పెద్దమ్మ విత్తనాల మూట చంకన పెట్టుకుని లోపలికొస్తోంది. ఆమె ఏమీ అనలేదు. ఆ బాబు మాత్రం తలొంచుకున్నాడు, ఎందుకంటే ముందు వారం ఆమె పక్కన కూర్చుని రొట్టె కొట్టడం నేర్చుకున్నది వాడే. ఈ బెదిరింపు ఒక్కరిది కాదు, నెలకు పదిసార్లయినా వింటున్నాను, అలా అనేవాళ్ళలో సగం మందికి ఊళ్ళో ఇంకా భూమి ఉంది, తండ్రో తాతో దున్నుతున్నాడు. మన పిల్లలందరినీ రైతుల్ని చేద్దామని ఈ క్లాసులు పెట్టలేదు. డాక్టర్లవ్వనివ్వండి, సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళనివ్వండి, నాకు సంతోషమే. కానీ కంచంలో బువ్వ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా, పండించినవాళ్ళను చూసి ముక్కు చిట్లించే పిల్లల్ని పదో తరగతి పాస్ చేయించి పంపడం నాకిష్టం లేదు.

మనం ఉన్నది జహీరాబాద్‌లో. కూతవేటు దూరంలో పస్తాపూర్. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది, ఎక్కువగా దళిత మహిళలు, చిన్న చిన్న కమతాలు, ఎర్ర నేలలు, బోరు లేదు. అలాంటి భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర కలిపి పండిస్తూ పాత విత్తనాలను ఇంట్లోనే కాపాడుకున్నారు. మాచనూరులో 2008లో సంగం రేడియో పెట్టి వాళ్ళే నడిపారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చి ఊరూరా తిప్పే పాత పంటల జాతర చూడటానికి దేశదేశాల నుంచి మనుషులు వస్తారు. అసెంబ్లీలో పిల్లల్ని అడిగాను, ఎంతమంది చూశారని. లేచిన చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొరియా పాటల బృందాల సభ్యుల పేర్లు మాత్రం వరసగా చెప్పారు. తప్పు పిల్లలది కాదు లెండి.

తిండి సంగతికొస్తాను, కొంచెం ఓపిక పట్టండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ప్రార్థనలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయే అమ్మాయిల్ని చూస్తుంటే ఆ అంకె నాకు వింతగా అనిపించదు. ఇక ఎముకల సంగతి, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో దాదాపు పది. ఇది ఒంటికి అందడానికి ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. అలాగని కొర్రలు తింటే షుగర్ మాయమవుతుందని ఎవరైనా అంటే దయచేసి మా క్లాసులో చెప్పారని అనకండి. ఒక తాతగారు మాత్రలు మానేసి అంబలి మొదలుపెట్టానని సంబరంగా చెప్పారు, ఆయన్ను వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాం.

ఇక లంచ్ బాక్సులు. పొద్దున ఎంత హడావిడో నాకు తెలుసు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళు ఎక్కువ. కానీ వారంలో నాలుగు రోజులు నూడుల్స్, ఐదో రోజు చిప్స్ ప్యాకెట్ అంటే ఏమనుకోవాలి? పుంటికూర పప్పు తెచ్చిన పాప మూత తీయడానికి సిగ్గుపడి డబ్బా అలాగే ఇంటికి పట్టుకుపోతోంది, ఎందుకంటే పక్కన కూర్చున్నవాళ్ళు "యాక్" అంటారు. ఆ "యాక్" బడిలో నేర్పింది కాదు. అన్నం తినేటప్పుడు చేతిలో ఫోన్ లేకపోతే ముద్ద మింగడని మూడో తరగతి బాబు గురించి ఒకరు గొప్పగా చెప్పారు, నేను నవ్వి ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోలేక రాస్తున్నాను.

పిల్లల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పెసర మొక్కను వేళ్ళతో సహా మెల్లగా లేపి, మట్టి దులిపి, వేరు మీది బుడిపెను బ్లేడుతో కోసింది. లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా పనిచేస్తోందనడానికి ఆ రంగే గుర్తు. ఎండిపోయిన మొక్కది కూడా కోసి చూస్తే లోపల మట్టిరంగు. రెండూ పక్కపక్కన పెట్టి "జొన్న మధ్యలో పెసర ఎందుకు వేశారో ఇప్పుడు అర్థమైందా సార్" అని సైన్స్ సార్నే అడిగింది. ఆయన ముఖం చూడాల్సింది. లెక్కల్లో ఎప్పుడూ బోర్డర్ మీద పాసయ్యే ఎనిమిదో తరగతి అబ్బాయి ఉన్నాడు, గుంట అంటే 121 చదరపు గజాలు, 40 గుంటలు ఎకరం, పేడ, బెల్లం కలిపి చేలో పోసే జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అయితే మన నాలుగు గుంటలకు 20 లీటర్లు చాలు అని నిలబడ్డ చోటే చెప్పి, పేడ కిలో, బెల్లం 200 గ్రాములు, పప్పు పిండి 200 గ్రాములు అని చాక్‌పీసుతో గోడ మీద రాసేశాడు. గోడ మీద రాసినందుకు తిట్టాలో, మెచ్చుకోవాలో తెలియక రెండూ చేశాను. ఆరో తరగతిలో ఇద్దరు చిన్నవాళ్ళు పాత పెయింట్ బకెట్లకు అడుగున బెజ్జాలు పెట్టి మెంతికూర వేశారు, మూడు వారాల్లో కోతకొచ్చింది, కట్ట కట్టి ఆయమ్మకు ఇచ్చారు. ఎవరూ చెప్పలేదు.

పేడ గురించి కూడా ఒక మాట. జీవామృతం కలిపిన రోజు ఫొటో చూసి "మా అమ్మాయి చేత పేడ ముట్టించారు" అని ఒకరు ఫోన్ చేశారు. ముట్టించాం. సబ్బుతో చేతులు కూడా కడిగించాం. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టేది దేనితోనో ఆ ఇంటివాళ్ళే చెప్పాలి.

కొందరు పిల్లల్ని ఏడింటికి వదిలి పన్నెండింటికి వచ్చి తీసుకెళ్తున్నారు. క్లాసు తొమ్మిదిన్నరకు అయిపోతుంది. ఉచితం అంటే పిల్లల్ని చూసుకునే సెంటర్ కాదండీ, పాఠం చెప్పేవాళ్ళు సొంత చేను పని ఆపుకుని వస్తున్నారు. వీలైతే మీరూ ఉండండి. ఆటో నడిపే ఒక అన్న ప్రతి వారం వచ్చి రెండు సాళ్ళు తనే కలుపు తీసి వెళ్తున్నాడు, ఆయన పిల్లలు మన బడిలో కూడా చదవడం లేదు. ట్యూషన్ పోతుందనుకునే వాళ్ళు రాకండి, ఇందులో బలవంతం ఏమీ లేదు, మార్కులూ లేవు.

మిగతావి గబగబా: ఎఫ్ఏ-2 పరీక్షల టైం టేబుల్ డైరీలో అంటించాం, సంతకం పెట్టి పంపండి. బస్సు ఫీజు బాకీ ఉన్నవాళ్ళు ఈ నెలాఖరులోపు కట్టండి. నులిపురుగుల మాత్ర వేసుకోని పిల్లల పేర్లు క్లాస్ టీచర్ దగ్గర ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్ వచ్చే నెల మూడో శనివారం, తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలి, డ్రైవర్ని పంపితే మార్కుల కార్డు ఇవ్వం. పంద్రాగస్టు ఫొటోలు ఆఫీసులో చూసుకోవచ్చు.

ఈ ఆదివారం పాఠం విత్తనం దాచడం. పొయ్యి బూడిద, నీడలో ఎండబెట్టిన వేపాకు పిడికెడు తీసుకురండి, ఈత బుట్ట ఉన్నవాళ్ళు తెస్తే మంచిది, పేడా మట్టీ కలిపి దాని మూతికి ఎలా మెత్తాలో పెద్దమ్మ చూపిస్తుంది. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే వాళ్ళను తప్పకుండా పంపండి, వాళ్ళకు మాకంటే ఎక్కువ తెలుసు. మాసినా ఫర్వాలేదనుకునే బట్టలు వేసుకోండి. పోయినసారి ఇస్త్రీ చొక్కాలతో వచ్చి, పార పట్టుకుని ఫొటో దిగి వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కువయ్యారు, పారలు మాత్రం నాలుగే ఉన్నాయి.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు