సమావేశాలకు సాధనం కుదిరింది

ప్రియమైన మిత్రమా,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసా, ఉద్యోగం యథాప్రకారం. ఆ సంగతులన్నీ తరువాత. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే మన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఆన్‌లైన్ సమావేశాలకు సాధనం ఖరారైంది, అది నీకు చెప్పేదాకా నాకు నిద్రపట్టేలా లేదు.

ఉచిత ఖాతా అయితే జూమ్‌లో 40 నిమిషాలకు, గూగుల్ మీట్‌లో ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో ఉంటే గంటకు సమావేశం ముగుస్తుంది. మన ‘ఒక్క చిన్న సందేహం’ గారికి అది ఏ మూలకు సరిపోతుందో నీకు తెలియనిది కాదు! అయినా నా అభ్యంతరం వ్యవధి గురించి కాదు. రాసిన కోడ్‌లో ప్రతి వరుసనూ అందరి ముందూ పెట్టే మనం, తన కోడ్ ఎవరికీ చూపించని సాధనంలో కూర్చుని చర్చించుకోవడం నాకు మొదటినుంచీ మింగుడుపడలేదు. బిగ్‌బ్లూబటన్‌లో అందరూ కలిసి రాసుకునే నోట్సు ఎంతో నచ్చింది గాని, తరగతుల కోసం పుట్టిన ఆ సాధనానికి కావలసినంత పెద్ద సర్వర్‌ను మనం భరించలేము.

నిన్న, తన కోడ్‌ను అందరికీ చూపించే జిట్సీ మీట్ అనే సాధనంలో కలిశాము. మన అనువాదాల తమ్ముడు సిగ్నల్ సరిగా అందని చోటునుంచి ఫోన్‌లో చేరి, ఇన్నాళ్లూ చాట్‌లో టైపు చేసి ఊరుకునేవాడు కదా. జిట్సీలో పెద్ద సమావేశమైతే ఎవరి వీడియో అయినా ఒక్కసారే సర్వర్‌కు చేరుతుంది, సర్వర్ దాన్ని మిగతావారికి పంచుతుంది. కనుక పంపడం తేలికే గాని, అందరి ముఖాలనూ అందుకోవడమే బలహీనమైన లైనుకు తలకు మించిన భారం. అందుకని అందరమూ కెమెరాలు ఆపేశాము. మాటను కుదించి మోసే ఓపస్ కోడెక్ అనే పద్ధతి సెకనుకు 6 కిలోబిట్ల దాకా దిగినా పనిచేయగలదు. కాసేపు గరగర, ఆపైన స్పష్టంగా తమ్ముడి గొంతు! “ఆ ఫైలు తెరవండి, ఇంకా కిందికి, అదిగో, ఆ వరుస” అంటూ, మనల్ని అంతగా వేధించిన తేదీల లోపాన్ని మా చేతనే పట్టించాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఇంత తెలిసినవాడిని మనం… సరే, ఆ మాట కలిసినప్పుడు.

ఒక చిక్కు మిగిలింది. జిట్సీ వారి సొంత సర్వర్‌లో గది తెరవాలంటే 2023 ఆగస్టు నుంచి గూగుల్, గిట్‌హబ్, ఫేస్‌బుక్ వంటి ఖాతాతో లాగిన్ కావాలి. ఎవరైనా తీసుకుని వాడుకోనిచ్చే అపాచీ లైసెన్సు జిట్సీకి ఉంది గనుక మన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు, కానీ అప్‌డేట్లు చూస్తూ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ బాధ్యత నువ్వు తీసుకుంటే నేను కూడా రాత్రి వేళల్లో… అదిగో, సమావేశానికి పిలుపు వచ్చింది. జవాబు వెంటనే రాయి.

నీ మిత్రుడు