641తో ఎందుకు భాగించబడుతుందో కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పిల్లల పేజీలో అంకెల వింతల కింద 4294967297 గురించి రాశారు. ఇది 641 × 6700417కు సమానం అని చెప్పి, ఆశ్చర్యార్థకం పెట్టి వదిలేశారు. చాలా ఏళ్లు లెక్కలు చెప్పినవాడిగా నాకు అది బాధ కలిగించింది. అసలు విషయం అక్కడే మొదలవుతుంది కదా!

ఈ సంఖ్య 2³² + 1. ఇందులో 32 బదులు 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ పెడితే వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే కాబట్టి తర్వాతివీ అంతేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ కాదని తేల్చాడు. చిన్న ప్రధాన సంఖ్య నుంచి వరసగా భాగించుకుంటూ పోతే 641 వంతు 116వది. ఆయిలర్ అలా గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయన పట్టుకున్నాడు. అప్పుడు చూడాల్సినవి 193, 257, 449, 577, ఆపైన 641. అంతే, ఐదోదానికే దొరికింది!

భాగహారం కూడా చేయకుండా దీన్ని నిరూపించవచ్చు. హైస్కూలు పిల్లలకు అందే లెక్కే. 641ని రెండు రకాలుగా రాయండి: 5⁴ + 2⁴ అని, 5 × 2⁷ + 1 అని. మొదటి రూపాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది. ఇది 641 గుణిజం. ఇక రెండో రూపం. 5 × 2⁷ అంటే 640. x⁴ − 1ని x + 1 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి 640⁴ − 1, అంటే 5⁴ × 2²⁸ − 1 కూడా 641 గుణిజమే. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. మిగిలేది 2³² + 1. ఇంత పొందికైన లెక్క చూసిన పిల్లవాడు కాలిక్యులేటర్ చెప్పిన జవాబుతో సరిపెట్టుకుంటాడా?

మీరు సంఖ్య ఎంత పెద్దదో, అందులో ఎన్ని అంకెలున్నాయో చెబుతున్నారు. దయచేసి కారణానికి కూడా నాలుగు లైన్ల చోటివ్వండి. పేజీలో చోటు లేకపోతే వింతలు తగ్గించినా నష్టం లేదు.

ఈసారి దీనికన్నా రెండు తక్కువైన 4294967295 వేయండి. పై ఐదు ప్రధాన సంఖ్యల లబ్ధం సరిగ్గా ఇదే. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని 1796లో జర్మన్ గణితవేత్త గాస్ కనుక్కున్నాడు. అలా గీయవచ్చని ఇప్పటివరకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దదానికి 4294967295 భుజాలు. ఆ లబ్ధం ఎలా వచ్చిందో పిల్లలనే అడగండి. 2³² − 1ని (2¹⁶ − 1)(2¹⁶ + 1)గా విడదీయడం వరకు చూపిస్తే మిగతాది వాళ్లే చేస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు