సింక్ కింద తడి గురించి

చిట్టి తల్లీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. సింక్ కింద చెక్క ఉబ్బిపోయింది, పడకగది గోడ మీద చెమ్మ మరక పాకుతోంది. బాగు చేయించాల్సింది మీరా, ఓనరు గారా అని అడిగావు. ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేలనీ, ఖర్చు ఎవరిదో చాలావరకు దానంతటదే తేలుతుంది. మరక కనబడ్డచోటే లీకు ఉండాలని లేదు. నీళ్లు పైపు వెంటో స్లాబు వెంటో పాకి, సందు దొరికినచోట బయటపడతాయి.

మీ ఇంటికి విడిగా నీటి మీటరు ఉంటే, బయటికి వెళ్లే ముందు కుళాయిలన్నీ కట్టేసి అంకెలు ఫోటో తీసుకో. తిరిగి రాగానే, ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడు. అంకె కదిలితే లోపలికి నీళ్లు తెచ్చే పైపో, ఫ్లష్ ట్యాంకో కారుతోంది. ట్యాంకు నీళ్లలో కాస్త రంగు కలిపి అరగంట ఫ్లష్ చెయ్యకుండా ఉంచు, కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు పోయినట్టే. అంకె కదలకుండా, స్నానాలయ్యాకే మరక తడిదేరుతుంటే అనుమానం వాడిన నీళ్లు పోయే పైపు మీదా, టైల్స్ సందుల మీదా పెట్టు. వాన పడ్డప్పుడే అయితే బయటి గోడో, పైకప్పో.

సింక్ కింద మాత్రం టార్చ్ వేసుకుని కూర్చోవాల్సిందే. పైపులన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో జాయింటుకూ టిష్యూ పేపరు చుట్టు. ముందు కుళాయి తిప్పకుండా పది నిమిషాలు చూడు, తర్వాత సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదులు. ఏ కాగితం ఎప్పుడు తడిసిందో అదే నీ జవాబు.

ఇక ఖర్చు సంగతి. చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, గోడలో దాగిన పైపు, స్లాబు, ఇంటితోపాటు ఇచ్చిన ఫిట్టింగు పాతబడి కారితే మామూలుగా అది ఓనరుదే. వాడకంలో అరిగిపోయినదానికి అడ్వాన్సులో కోత పెడితే ఒప్పుకోకు. మీరు మేకు కొట్టి పైపుకు చిల్లి పెట్టినా, వాషింగ్ మెషిన్ గొట్టం సరిగ్గా బిగించకపోయినా అది మీది. కుళాయి వాషర్ల వంటి చిన్నవాటికి అగ్రిమెంట్‌లో ఏం రాశారో చూడు. పై ఫ్లాట్ నుంచి దిగుతుంటే వెళ్లి చెప్పిరా, తప్పులేదు. ఆ బేరసారాలు మాత్రం ఓనరు గారికే వదిలెయ్యి.

ఓనరు ఖర్చు కాస్తా మీ నెత్తికి చుట్టుకునేది ఆలస్యం వల్లే. చూసి కూడా నెలరోజులు చెప్పకపోతే, ఆ నెలలో పాడైనదానికి ఆయన మిమ్మల్నే అంటారు, అందులో న్యాయమూ లేకపోలేదు. తడిసినవి ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది కూడా. అందుకని ఫోన్‌లో చెప్పినా మెసేజ్ పెట్టు: "సింక్ కింద జాయింటు దగ్గర నీళ్లు కారుతున్నాయండీ. వాల్వ్ కట్టేసి బకెట్ పెట్టాం. ఫోటోలు పంపుతున్నాను. ప్లంబర్‌ని ఎప్పుడు పంపిస్తారో చెప్పండి." ఇంతే, దెప్పిపొడుపులు వద్దు. ప్లంబర్‌ని మిమ్మల్నే పిలుచుకోమంటే, ఎంతవరకు అద్దెలో తగ్గించుకోవచ్చో ముందే రాతలో ఒప్పించుకో.

మీ నాన్న "అద్దె ఆపేస్తే వాడే పరిగెత్తుకొస్తాడు" అంటున్నారు. ఆ మాట వినకు. బాకీ పడ్డామంటే లీకు సంగతి పక్కకు పోయి మన అద్దె మీదికి వస్తుంది తగాదా. ఓనరు గారు ముందుగా చెప్పి లీకు చూడటానికొస్తే రానివ్వు.

గోడ మరక దగ్గర స్విచ్ బోర్డు ఉన్నట్టుంది ఫోటోలో. దాన్ని ముట్టుకోకు, తడి చేత్తో అసలే వద్దు. ఆ గదికి కరెంటు మెయిన్ దగ్గరే ఆపించు. నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించి, తిప్పితే తిరుగుతోందో లేదో చూడు, ఏళ్ల తరబడి ముట్టుకోనివి బిగుసుకుపోతాయి. ఎప్పుడైనా ఫాల్స్ సీలింగ్ కిందికి ఉబ్బితే దాని కింద నిలబడకండి. లీటరు నీళ్లంటే కిలో బరువు, అక్కడ ఎన్ని లీటర్లు చేరాయో బయటికి తెలియదు.

కారే జాయింటు ఏదో తెలియగానే ఫోటో ముందు ఓనరు గారికి పంపు, తర్వాత నాకు.

అమ్మ