శనివారం చర్చకి ముందు ఒక మాట

సిస్టర్స్, డాక్టర్లు అందరికీ నమస్తే. ఈసారి గర్భిణులు, బాలింతల ముందస్తు హెచ్చరిక చార్టుల గురించి. అంటే నాడి, బీపీ, ఊపిరి లాంటివి హద్దు దాటితే డాక్టరుని పిలవమని చెప్పే చార్టులు. బ్రిటన్‌లో 2007 నివేదిక వీటిని సిఫార్సు చేసింది. 2012లో 676 మందిపై చూస్తే, జబ్బుపడిన వాళ్లలో 89 శాతాన్ని చార్టు పట్టేసింది. కానీ వచ్చిన హెచ్చరికల్లో నిజమైనవి 39 శాతమే! నైట్ డ్యూటీలో ఇన్ని ఉత్తుత్తి పిలుపులంటే ఎవరికైనా విసుగే. అందుకే ఇప్పుడు పరిశోధన కంప్యూటర్ అంచనాల వైపు మళ్లుతోంది.

నాకైతే క్రేడిల్ బీపీ మిషనే నచ్చింది. రక్తం పోయి షాక్‌లోకి వెళ్తున్నారేమో తెలిసేలా, అది నాడి వేగాన్ని బీపీలోని పై అంకెతో భాగించి, 0.9కి చేరితే పసుపు, 1.7కి చేరితే ఎరుపు లైటు. కర్ణాటకలోని గోకాక్‌లోనూ పరీక్షించారు. పాడేరు ఘాట్ దిగి కేసు విశాఖ చేరాక కాదు, ఆ లైటు పాడేరులోనే వెలగాలి.

వచ్చేముందు మీ వార్డు చార్టులు చూసి రండి. ఊపిరి నిజంగా లెక్కపెడుతున్నారా, అందరికీ ‘20’ రాసేస్తున్నారా?