కట్టింది సరే, కడిగేదెవరు?

సంపాదకులకు,

నవంబరు 19న ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవం గురించి మీ పత్రికలో వచ్చిన వార్త, దాని పక్కన కొత్త పబ్లిక్ టాయిలెట్ల ప్రారంభోత్సవం ఫొటో చూశాను. ఎవరో ఒకరు దాని మీద నాలుగు ముక్కలు రాస్తారులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. రిబ్బను, కత్తెర, వెనకాల వరసగా నవ్వుతూ పెద్దమనుషులు, అంతా బాగానే ఉంది. రిబ్బను కత్తిరించాక ఆ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం వార్తలో లేదు.

ప్రచారం వద్దని నేననడం లేదు. 2001లో సింగపూర్‌కి చెందిన జాక్ సిమ్ ప్రపంచ మరుగుదొడ్ల సంస్థ పెట్టింది నవంబరు 19నే. నలుగురిలో ఎత్తడానికే సిగ్గుపడే మాటను నవ్విస్తూ నలుగురి చేతా అనిపించాడాయన. 2013లో ఐక్యరాజ్య సమితి ఆ తేదీనే అధికారికం చేసింది. అంతకు ముందే, 2010 జూలై 28న, నీళ్లూ పారిశుధ్యం మనిషి హక్కని అదే సమితి సర్వసభ్య సభ తీర్మానించింది. 122 దేశాలు సరేనన్నాయి, 41 తటస్థంగా కూర్చున్నాయి, వద్దని ఒక్కరూ ఓటెయ్యలేదు. ఎందుకేస్తారు? కాగితం మీద హక్కు రాయడానికి ట్యాంకులో నీళ్లు నింపక్కర్లేదుగా.

మీ వార్తలో ఎన్ని కట్టారో ఉంది, ఎన్ని పనిచేస్తున్నాయో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన లెక్క ప్రకారం 2024 నాటికి కూడా దాదాపు 340 కోట్ల మందికి సురక్షితమైన పారిశుధ్యం లేదు. అందులో 35 కోట్ల పైచిలుకు మంది ఇంకా ఆరుబయటికే వెళ్తున్నారు. ఆ లెక్కలో ‘సురక్షితం’ అనిపించుకోవాలంటే గది, బేసిన్ ఉంటే చాలదు. మలం అక్కడే శుద్ధి కావాలి, లేదా శుద్ధి కేంద్రానికి చేరాలి. గుంత నిండాక ట్యాంకరు తోడుకుపోయి చీకట్లో ఏ కాలవలోనో వదిలేస్తే అది పారిశుధ్యం కాదు. అధికారుల నివేదికల్లో మాత్రం అదీ ‘పూర్తయిన లక్ష్యమే’. 2030 నాటికి అందరికీ పారిశుధ్యం అంది ఐక్యరాజ్య సమితి. క్యాలెండర్లు మార్చడంలో మాత్రం వెనకబడలేదు.

పబ్లిక్ టాయిలెట్ల సంగతి మరీ ఘోరం. పెద్దమనుషులు ఒక్కసారి లోపలికెళ్లి గడియ వేసుకోవడానికి ప్రయత్నిస్తే బాగుండును. గడియ ఉండదు, అది ఊడిన చోట మేకుల బొక్కలుంటాయి. ఒక కాలితో తలుపు నొక్కిపెట్టాలి. కొక్కెం లేదు కనక బ్యాగు మెడకు తగిలించుకోవాలి. నేలంతా తడి కనక ఒక చేత్తో బట్టలు పైకి పట్టుకోవాలి. బల్బు లేదు కనక సెల్‌ఫోను నోట కరుచుకోవాలి. ఇంత సర్కస్ అయ్యాక కొళాయి తిప్పితే గుర్రుమని గాలి. అందుకే ఆడవాళ్లు బయటికెళ్లే రోజు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు ఆ తర్వాతి కథ. షుగరున్నవాళ్లు, పెద్దవాళ్లు, రోజంతా స్టీరింగ్ పట్టుకునే డ్రైవర్లు పడే టెన్షన్ ఎవరి నివేదికలోకీ ఎక్కదు.

ఇది పేద దేశాల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆమ్‌స్టర్‌డామ్‌లో టాయిలెట్ దొరక్క రాత్రిపూట వీధిలో కూర్చోవాల్సి వచ్చిన ఒక మహిళకు జరిమానా వేశారు. ఆమె కోర్టుకెళ్తే, మగవాళ్ల యూరినల్ వాడుకోవచ్చు కదా అన్నారు జడ్జిగారు, 2017లో. చదువుకు కొదవలేదు, డబ్బుకు కొదవలేదు. ఎటొచ్చీ ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో ఎవరూ చెప్పినట్టు లేరు.

నిజానికి దీనికి గొప్ప విజ్ఞానమేమీ అక్కర్లేదు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ ఒక పెన్నీ తీసుకుని శుభ్రమైన టాయిలెట్ నడిపిస్తే 8 లక్షల మందికి పైగా వాడుకున్నారు. ప్రదర్శన అయిపోగానే మూసేద్దామన్నారు అధికారులు! నూట డెబ్భై ఏళ్లు దాటినా ఆ బుద్ధి చెక్కుచెదరలేదు. అదే లండన్‌లో కలరా వేల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు దొరకని డబ్బు, 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు కిటికీల్లోంచి లోపలికి రాగానే దొరికింది. వారాల్లో చట్టం, ఆ వెంటనే ఇంజనీరు బాజల్జెట్ మురుగు కాలవలు. కలరాకి కదలని సభ కంపుకి కదిలింది. ఇప్పటి ఆఫీసులన్నిటికీ అటాచ్డ్ బాత్రూములూ ఏసీలూ ఉన్నాయి కనక ఆ ఆశ కూడా లేదు.

ఇక కడిగేవాళ్ల మాట. ఫొటోలో వాళ్లెవరూ కనబడలేదు. సెప్టిక్ ట్యాంకులో దిగినవాణ్ణి అందులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు నిమిషాల్లో పడగొడుతుందని తెలియని ఇంజనీరు ఉండడు. అయినా మాస్కు లేకుండా, తాడు లేకుండా దింపుతూనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు వగైరా కలిసి 2019లో ఈ కార్మికుల దుస్థితి మీద నివేదిక వేశాయి. నివేదికలకేం, వస్తూనే ఉంటాయి. కట్టడానికి కోట్లు మంజూరు చేసే బడ్జెట్టులో ఫినాయిలుకి, చీపురుకి, కడిగే మనిషి జీతానికి పద్దు ఉండదు. యంత్రం పెట్టి ‘మీ అనుభవం ఎలా ఉంది, నక్షత్రాలివ్వండి’ అంటారు. నక్షత్రాలు ఇస్తాం, ముందు బకెట్టు ఇవ్వండి.

చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. ప్యారిస్‌లో వీధి టాయిలెట్లు 2006 నుంచి ఉచితం, వాడిన ప్రతిసారీ వాటంతటవే కడుక్కుంటాయి. జర్మనీలో చాలా పట్టణాలు హోటళ్లకీ దుకాణాలకీ డబ్బిచ్చి, కొనుగోలుతో పని లేకుండా ఎవరైనా వాళ్ల టాయిలెట్ వాడుకునే ఏర్పాటు చేశాయి. తలుపు మీద ఒక స్టిక్కరు, అంతే. రిబ్బను అక్కర్లేదు కాబట్టి మనవాళ్లకు నచ్చకపోవచ్చు.

మీకు నాదొక విన్నపం. వచ్చే నవంబరు 19న కొత్తగా తెరిచినవాటి ఫొటోలు వెయ్యకండి. ఈ ఏడాది తెరిచినవాటికే మీ మహిళా రిపోర్టరును, ముందుగా ఎవరికీ చెప్పకుండా, రాత్రి ఎనిమిది దాటాక పంపండి. గడియ పడిందా, నీళ్లొచ్చాయా, లైటు వెలిగిందా, అక్కడ పనిచేసేవాళ్లకు పోయిన నెల జీతం అందిందా, ఈ నాలుగూ అడిగి వచ్చిన జవాబులు అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు