మాస్టారి సైకిల్‌ని ఆపినవాళ్ళకి ముందు దండం, తోసినవాళ్ళకి తర్వాత

ఇచ్ఛాపురంలో బయల్దేరి పలాస, శ్రీకాకుళం మీదుగా విజయనగరం దాకా, సుమారు 200 కిలోమీటర్లు, మూడు రోజుల్లో మాస్టారు సైకిల్ మీద వచ్చేశారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకి, మందులు నడుస్తుండగానే. శాలువాలూ దండలూ ఆయనకి బాగానే పడ్డాయి. ఈ పోస్టులో దండాలు మాత్రం వెనకుండి నడిపించినవాళ్ళకి. ఎవరేం చేశారో కాస్త వివరంగా రాస్తున్నాం, రేపు ఇంకొకరు ఇదే తలపెడితే పనికొస్తుందని.

మొదటి దండం ఆసుపత్రి వాళ్ళకి. అడగ్గానే సరే అననందుకు. తుంటి, తొడ ఎముక, వెన్నుపూస ఫిల్ములు మళ్ళీ చూసి, బరువు మోసేచోట విరిగే ప్రమాదం లేదని తేల్చుకున్నాకే ఒప్పుకున్నారు. తొడ ఎముక పైభాగంలో జబ్బు గట్టిగా ఉంటే అసలు సైకిల్ మాటే ఎత్తకూడదు. హిమోగ్లోబిన్, పొటాషియం, క్రియాటినిన్, లివర్ పరీక్షలు చేయించారు. ప్రోస్టేట్ జబ్బు ఎలా ఉందో చెప్పే పీఎస్ఏ పరీక్షకి రక్తం ముందే తీయించారు. సీటు ఒత్తిడికి కొందరిలో ఆ అంకె పెరగొచ్చు కాబట్టి పరీక్షకి ముందు రెండు రోజులు తొక్కకపోవడం మేలు. ఎముకల కోసం ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. అందుకని మార్చింది ప్రయాణం తేదీని, మందు తేదీని కాదు.

నర్సమ్మగారు చెప్పిన ఒక్క తేడా మూడు రోజులూ మాకు ధైర్యం. సీటు మీద తిమ్మిరెక్కితే దిగి నిలబడాలి. ఒత్తిడి వల్ల వచ్చిందైతే కొద్ది నిమిషాల్లో పోతుంది. పోకపోయినా, నడుంనొప్పి కొత్తగా వచ్చి పడుకుంటే పెరిగినా, కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం బిగిసినా అది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు. ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికే. ఆ రోజే ఎంఆర్ఐ. ఆలస్యమైతే పడిపోయిన కాళ్ళు మళ్ళీ లేవకపోవచ్చు.

పలాసలో టిఫిన్ సెంటర్ పిన్నిగారు మా కోసం పొయ్యి పెందలాడే వెలిగించారు. ఆవిడకి తెలియకపోవచ్చు గానీ, అది వైద్యమే. మాస్టారు వాడే క్యాన్సర్ మందు అబిరటెరోన్ 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, ఖాళీ కడుపునే వెయ్యాలి. వేసే ముందు రెండు గంటలు, వేశాక గంట ఏమీ తినకూడదు. తిండితో, అందులోనూ నూనె తిండితో వేస్తే రక్తంలోకి చేరే మందు చాలా రెట్లు పెరిగిపోతుంది. కాబట్టి నాలుగున్నరకి మాత్రలు, అయిదున్నరకి ఇడ్లీలు, వాటితోపాటే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, మంచు విడిచాక ఆరున్నరకి రోడ్డు. ఈ మందుకి బీపీ పెరుగుతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. చట్నీలో ఉప్పు తగ్గించమంటే మారు మాట్లాడకుండా విడిగా రుబ్బారు. తల్లీ, ఆ చట్నీ బాగుంది కూడా.

ఉద్దానం కొబ్బరి రైతులు దారి పొడుగునా బొండాలు కొట్టిచ్చారు. మందు వల్ల పొటాషియం పడిపోయేవాళ్ళకి ఆ నీళ్ళు మంచివే. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళకి అదే పొటాషియం ప్రమాదం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, డాక్టర్ని అడక్కుండా మమ్మల్ని చూసి తాగెయ్యకండి. లీటరుకని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కాదు. ఒళ్ళునొప్పులకి దారిలో డైక్లోఫెనాక్ ఇవ్వబోయిన మందుల షాపు అన్నకి కూడా థాంక్స్, వద్దనగానే వెనక్కి పెట్టేసినందుకు. నీళ్ళు తగ్గిన ఒంటికి ఆ మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి.

ఇక మెకానిక్ అన్న. హార్మోన్ ఇంజెక్షన్‌తో కండ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. ఆయన రెండూ లెక్కలోకి తీసుకున్నాడు. ముందు చైన్ చక్రం 34 పళ్ళు, వెనక పెద్ద పళ్ళచక్రం 34 పళ్ళు పెట్టాడు, వంశధార వంతెన ఎత్తు కూడా కూర్చునే ఎక్కేలా. 28 మిల్లీమీటర్ల టైర్లు తీసి 38వి వేసి, గాలి 80 నుంచి 50 పీఎస్ఐకి దించాడు, గతుకు నడుముకి చేరకుండా. పాదాన్ని పట్టుకునే పెడల్స్ తీసేసి మామూలువి బిగించాడు. కాలు వెంటనే నేలకి ఆనాలి, ఆయన పడకూడదు. అట్టముక్క మీద కూర్చోబెట్టి, కూర్చునే ఎముకల గుర్తుల మధ్య దూరం కొలిచి, దానికి తగ్గ, మధ్యలో గాడి ఉన్న సీటు తెచ్చాడు. మెత్తటి జెల్ సీటు సుఖమనుకుంటాం గానీ, అది కూరుకుపోయి నొక్కకూడని చోటే నొక్కుతుంది. పక్కింటి తాపీ మేస్త్రి రసమట్టం సీటు మీద పెట్టి ముక్కు పిసరంత కిందికి దించాడు. మరీ దించితే ఒళ్ళు ముందుకి జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది.

హైవే అంచున పేలిన లారీ టైర్ల ఇనప తీగలు ఉంటాయి, వెంట్రుకంత సన్నం. "తీగ తియ్యకుండా ట్యూబు మారిస్తే ఏటవుద్ది మాస్టారూ, పది నిమిషాల్లో మళ్ళీ తుస్సే" అని, టైరు లోపల దూది తిప్పి, పోగు తగులుకున్నచోట పట్టకారుతో లాగి చూపించాడు మెకానిక్ అన్న.

బాత్రూం తాళం అడగ్గానే ఇచ్చిన పెట్రోలు బంకుల వాళ్ళకి, హార్మోన్ మందు వల్ల చలిలోనూ ఆవిర్లు కమ్మినప్పుడు తడి తువ్వాలు అందించిన కుర్రాళ్ళకి, మడపాం టోల్‌గేట్ దగ్గర పక్క దారి చూపినవాళ్ళకి నమస్కారం. శీతాకాలం గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, ఇచ్ఛాపురం నుంచే మొదలెట్టండని సలహా చెప్పిన పెద్దాయనకి ప్రత్యేకంగా.

బ్రిటన్ సైక్లింగ్ చాంపియన్ క్రిస్ హాయ్‌ని తలుచుకుని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. నాలుగో దశ ప్రోస్టేట్ క్యాన్సర్‌తోనే ఆయన 2025 సెప్టెంబర్‌లో గ్లాస్గోలో 'టూర్ డి 4' సైకిల్ యాత్ర నడిపించారు. సంతోషమే. కానీ ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఒంటితో మీ ఒంటిని పోల్చుకుని బయల్దేరకండి.

ఈ ప్రయాణానికి విరాళాలుగా వచ్చిన సొమ్ము విశాఖ దగ్గర అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళే మన రెండు జిల్లాల పేషెంట్లకి. రైలు టికెట్టుకి దీన్ని వాడొద్దని అనుకున్నాం. ఆసుపత్రి ఇచ్చే రాయితీ ఫారంతో స్లీపర్లో, థర్డ్ ఏసీలో పేషెంటుకి పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం ఉంది. కాబట్టి డబ్బు దువ్వాడ స్టేషన్ నుంచి ఆటోకి, గది అద్దెకి, భోజనానికి.

శ్రీకాకుళంలో ఎవరో ఇచ్చిన బీపీ మిషన్, రెండు కొత్త ట్యూబులు మెకానిక్ అన్న షాపులో ఉన్నాయి. మీవైతే వచ్చి తీసుకెళ్ళండి.