ఆ మూడు డబ్బాల సంగతి చెప్పు

చిన్నా,

ఎలా ఉన్నావురా? మేం బాగానే ఉన్నాం. గీత పరీక్షలు అయిపోయాయి, నాన్నగారి కళ్లజోడు మళ్లీ మార్చాం. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది, పని ఎక్కువేమోలే అనుకుంటున్నాను. మొన్న సుధ మాటల్లో అంది, నువ్వు బాగా చిక్కిపోయావని, బల్ల మీద ఏవో మూలికల సారం క్యాప్సూల్స్ డబ్బాలు మూడున్నాయని. కండ తగ్గకుండా వేసుకుంటున్నావటగా. షుగర్ మాత్రలు మాత్రం దానికి కనిపించలేదట.

పెద్ద మామయ్య సంగతి నీకు గుర్తుందా? అప్పుడు నువ్వు ఆరో క్లాసు. ఎవరో చెప్పారని షుగర్ మాత్రలు మానేసి, షుగర్ తగ్గిస్తుందనే పొడపత్రి ఆకు సారం మొదలుపెట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకుని, పొట్ట తగ్గింది చూడవే అని మురిసిపోయాడు. నేనూ సంతోషించాను, అదే ఇప్పటికీ నా బాధ. తగ్గింది పొట్ట కాదురా, తొడలు. సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకి ఊగి అప్పుడు లేచేవాడు. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి. పరీక్ష చేయిస్తే షుగర్ 400 దాటింది. ఇన్సులిన్ చక్కెరని కండలోకి పంపడమే కాదు, కండలోని ప్రోటీన్ కరిగిపోకుండా కూడా చూస్తుందని, అది చాలకపోతే ఒళ్లు తన కండనే తినేస్తుందని డాక్టర్ చెప్పింది. మళ్లీ మందులు వేసుకున్నా ఆ కాళ్లలో బలం రావడానికి ఏడాది పట్టింది.

మొక్కల్ని నేను తక్కువ చేయట్లేదు. నీ షుగర్ మాత్ర, ఆ మెట్‌ఫార్మిన్ కథ మొదలైందే గాలెగా అనే మొక్క దగ్గర. అందులోని పదార్థానికి దగ్గరి చుట్టాన్ని ప్రయోగశాలలో తయారుచేస్తే, 1957లో ఫ్రాన్స్‌లో స్టెర్న్ అనే డాక్టర్ షుగర్ ఉన్నవాళ్లకి వాడి ఫలితం ప్రకటించాడు. మోతాదు తేలింది, మనుషుల మీద చూశారు. పొడపత్రి, పసుపు లాంటి ఈ సారాలు కండని కాపాడతాయన్నది మాత్రం ఎక్కువగా మందు పొడిచి షుగర్ తెప్పించిన ఎలుకల్లో చూసిందే. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం రక్తంలోకి చేరేదే చాలా తక్కువ, అందుకని మిరియాల సారం కలుపుతారు, అది వేరే మందులు ఒంటికి పట్టే తీరునీ మార్చగలదు. గాఢమైన పసుపు సారంతో కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. షుగర్ తగ్గించే మందులకి పొడపత్రి తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు. ఒక్కడివే ఉంటావు, నిద్రలో అలా అయితే నిన్ను లేపేదెవరు?

కండ నిలబడాలంటే దానికి పని చెప్పు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చో, రోజూ. పనిచేసే కండ ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరని లాక్కుంటుంది. వేళకి తిను, వేళకి పడుకో, రాత్రి రెండింటి దాకా ఆ కంప్యూటర్ ముందు కూర్చోకు.

ఆ మూడు డబ్బాలూ మీ డాక్టర్‌కి చూపించు. లేబుల్ కనపడేలా ఫోటో తీసి నాకూ పంపు. మాత్రలు మానేశావా లేదా, అదొక్కటి నిజం చెప్పు, తిట్టను. నీలం ప్యాంటు నడుము ఎంత వదులైందో కూడా రాయి, వచ్చినప్పుడు బిగించి కుడతాను. ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

అమ్మ